లోక్‌సభ సీట్ల పంపకంలో ఏ లెక్కను సమర్థించాలి? చెన్నై తెలుగువారి కోసం ఒక పోలిక

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళకు లోక్‌సభ స్థానాల పునర్విభజన రెండు వైపుల నుంచీ తగిలే విషయం. ఉద్యోగాలు, పిల్లల చదువులు ఇక్కడ. తల్లిదండ్రులు, పొలాలు నెల్లూరులోనో చిత్తూరులోనో. కొందరి ఓటు ఇంకా సొంతూళ్ళోనే ఉంది. తమిళనాడుకు సీట్లు తగ్గినా, ఆంధ్రప్రదేశ్‌కు తగ్గినా బాధ మనదే. 2025 మార్చి 22న ఇదే నగరంలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ పిలుపు మీద కేరళ, తెలంగాణ, పంజాబ్ ముఖ్యమంత్రులు, కర్ణాటక ఉప ముఖ్యమంత్రి సమావేశమయ్యారు. 1971 జనాభా ఆధారంగా ఉన్న స్థానాలను మరో 25 ఏళ్ళు కదపవద్దని కోరారు. అది మొదలు మా వీధిలోనూ తెలుగు సంఘంలోనూ నన్ను నిలదీసి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక అడుగుతారు. "మాస్టారూ, ఇందులో మనం ఎటు నిలబడాలి?"

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఉన్నది ఉన్నట్టు ఎప్పటికీ ఉంచడం న్యాయం కాదు. ఉన్న 543 సీట్లనే కొత్త జనాభాతో ఒక్కసారిగా తిరగరాయడమూ న్యాయం కాదు. రెంటికీ నడుమ ఒక దారి ఉంది, అది లెక్కకు నిలుస్తుంది. అయితే నా మాట మీద ఒప్పుకోనక్కరలేదు. ఒక్కో దారిలో ఎవరికి ఎంత వస్తుందో, ఎంత పోతుందో చూసి మీరే తేల్చుకోండి.

కలగాపులగమైన మూడు ప్రశ్నలు

టీవీ చర్చల్లో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఏ ఏడాది జనాభాను తీసుకోవాలి? సభలో మొత్తం ఎన్ని సీట్లు ఉండాలి? భాగహారంలో మిగిలే భిన్నాలను ఎవరికి ఇవ్వాలి? మొదటిది అడిగితే రెండోదానికి జవాబు చెప్పి తప్పుకుంటున్నారు. "దక్షిణాదికి ఒక్క సీటు కూడా తగ్గదు" అనే హామీ అలాంటిదే. సభను పెద్దది చేస్తే సీట్ల సంఖ్య తగ్గకుండానే వాటా తగ్గుతుంది. సభలో ఓటింగు జరిగేటప్పుడు పనికొచ్చేది వాటా. అందుకే ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చినా, "నా రాష్ట్రానికి ఎన్ని?" అని ఊరుకోకుండా "వందకు ఎంత?" అని కూడా అడగండి.

ఇంత దూరం ఎలా వచ్చాం

ఎంపీల సంఖ్యకూ జనాభాకూ ఉండే నిష్పత్తి సాధ్యమైనంత వరకు అన్ని రాష్ట్రాలకూ ఒకటిగా ఉండాలని రాజ్యాంగంలోని 81వ అధికరణం చెబుతోంది. ప్రతి జనగణన తర్వాత దాన్ని సరిచూసుకోవాలని 82వ అధికరణం చెబుతోంది. 1961 జనగణన తర్వాత అలాగే చేశారు. 1967 ఎన్నికలకు మద్రాసు రాష్ట్రం 41 నుంచి 39కి దిగింది, ఆంధ్రప్రదేశ్ 43 నుంచి 41కి దిగింది. సీట్లు తగ్గుతాయన్న భయం ఊహాజనితమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. మన రెండు రాష్ట్రాలకూ అది ఒకసారి జరిగింది.

1971 జనాభాతో వేసిన లెక్క మాత్రం చాలా చక్కగా కుదిరింది. అప్పట్లో ఒక్కో ఎంపీకి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 10.4 లక్షల మంది, తమిళనాడులో 10.6 లక్షలు, ఉత్తరప్రదేశ్‌లో 10.4 లక్షలు, రాజస్థాన్‌లో 10.3 లక్షలు, కేరళలో 10.7 లక్షలు. దేశమంతటా ఓటు బరువు దాదాపు ఒకటే. ఇంత సమానత మళ్ళీ మనం చూడలేదు.

1976లో జాతీయ జనాభా విధానం వచ్చింది. కుటుంబ నియంత్రణను గట్టిగా అమలుచేసే రాష్ట్రాలు పార్లమెంటులో బలం కోల్పోకూడదన్న ఆలోచనతో, అదే ఏడాది 42వ సవరణ ద్వారా 1971 లెక్కలను 2001 దాకా స్తంభింపజేశారు. తర్వాత 2001 నాటి 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 2003లో 87వ సవరణ వచ్చి, రాష్ట్రం లోపల నియోజకవర్గాల సరిహద్దులను మాత్రం 2001 జనాభాతో సరిదిద్దుకోవడానికి వీలు కల్పించింది. రాష్ట్రాల మధ్య పంపకం కదలలేదు. 2014లో తెలుగువారి 42 సీట్లు 25, 17గా రెండు రాష్ట్రాలకు విడిపోయాయి, మొత్తం మాత్రం మారలేదు.

మొదటి దారి: ఉన్నది ఉన్నట్టు ఉంచడం

దీనికి అనుకూలంగా ఉన్న వాదం బలమైనది. 1976లో దేశం ఒక మాట ఇచ్చింది. ఆ మాట నమ్మి దక్షిణాది రాష్ట్రాలు చేయవలసినది చేశాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తమిళనాడులో 1.8. బీహార్‌లో 3.0, ఉత్తరప్రదేశ్‌లో 2.4. మన తల్లుల తరం ఆపరేషన్ టేబుళ్ళ మీద పడుకుని సాధించిన సంఖ్య ఇది. దాన్నే చూపించి ఇప్పుడు సీట్లు కోసేస్తామంటే కోపం రావడం సహజం. నాకూ వస్తుంది.

కానీ ఎదుటి పక్షం మాట కూడా వినాలి. షావుకారుపేటలో నాకు తెలిసిన ఒక వ్యాపారి ఉన్నారు, రాజస్థాన్ నుంచి వచ్చి మూడు తరాలైంది, తెలుగు మనకంటే బాగా మాట్లాడతారు. ఆయన ఒకసారి అన్నారు: "మాస్టారూ, మా తమ్ముడు ఊళ్ళోనే ఉన్నాడు. అక్కడి ఎంపీ ఒక్కడికి 27 లక్షల మంది. కేరళలో 17 లక్షలు కూడా లేరు. మా తమ్ముడు ఏం తప్పు చేశాడండీ?" ఆయన చెప్పిన లెక్క సరైనదే. 2011 జనాభాతో చూస్తే రాజస్థాన్‌లో ఎంపీకి 27.4 లక్షల మంది, బీహార్‌లో 26 లక్షలు, ఉత్తరప్రదేశ్‌లో 25 లక్షలు. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపి 20.1 లక్షలు, తమిళనాడులో 18.5 లక్షలు, కేరళలో 16.7 లక్షలు. అంటే కేరళ పౌరుడి ఓటు రాజస్థాన్ పౌరుడి ఓటుకు 1.6 రెట్లకు పైగా బరువు తూగుతోంది. 1971 తర్వాత పుట్టిన రాజస్థానీ పిల్లవాడు తన తల్లిదండ్రుల సంతానం ఎంతో నిర్ణయించలేదు. అతని ఓటు తేలిక కావడానికి అతను చేసిందేమీ లేదు.

ఇంకో 25 ఏళ్ళు స్తంభింపజేస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఎంత ఆలస్యమైతే చివరికి పడే దెబ్బ అంత పెద్దది. ఈ దారిని ఎంచుకునేవాళ్ళు ఆ 25 ఏళ్ళలో ఏం చేయబోతున్నారో కూడా చెప్పాలి. గడువు పొడిగించమని అడగడం తప్ప వేరే ప్రణాళిక లేకపోతే మన మనవలు ఇదే తగాదాను ఇంకా పెద్ద సంఖ్యలతో పడతారు.

రెండో దారి: అవే 543 సీట్లు, కొత్త జనాభా

కొత్త జనగణన లెక్కలతో నేను ఊహాగానాలు చేయను. 2011 లెక్కలతోనే, చిన్న రాష్ట్రాల మినహాయింపులను పక్కన పెట్టి, సాదా భాగహారం చేసి చూద్దాం. 121.08 కోట్లను 543తో భాగిస్తే సీటుకు సుమారు 22.3 లక్షల మంది. దాని ప్రకారం:

ఉత్తరప్రదేశ్: ఇప్పుడు 80, రావలసినవి 89.6
బీహార్: ఇప్పుడు 40, రావలసినవి 46.7
రాజస్థాన్: ఇప్పుడు 25, రావలసినవి 30.7
రెండు తెలుగు రాష్ట్రాలు: ఇప్పుడు 42, రావలసినవి 37.9
తమిళనాడు: ఇప్పుడు 39, రావలసినవి 32.4
కర్ణాటక: ఇప్పుడు 28, రావలసినవి 27.4
కేరళ: ఇప్పుడు 20, రావలసినవి 15

ఇది నేరుగా నష్టం. అయితే ఆ నష్టం ఎంతో కూడా నిదానంగా చూడాలి. దక్షిణాది ఐదు రాష్ట్రాలకు కలిపి ఇప్పుడు 129 సీట్లు, సభలో 24 శాతం కంటే కాస్త తక్కువ. ఈ లెక్కతో దాదాపు 113, అంటే 21 శాతం కంటే కాస్త తక్కువ. సభ్యులందరూ హాజరైన సభలో రాజ్యాంగ సవరణను అడ్డుకోవడానికి మూడో వంతు కంటే ఎక్కువ, 182 మంది కావాలి. ఆ బలం ఐదు రాష్ట్రాలకు ఇప్పుడూ లేదు, తర్వాతా ఉండదు. దక్షిణాది గొంతు నులిమేస్తున్నారనే మాట అతిశయోక్తి. తమిళనాడు ఒక్కటే ఆరేడు సీట్లు, కేరళ ఐదు సీట్లు పోగొట్టుకోవడం మాత్రం చిన్న విషయం కాదు. ఉన్న సీటు పోయే నియోజకవర్గాల్లో జనం దాన్ని శిక్షగానే చూస్తారు. అందుకే ఈ దారిని నేను ఒప్పుకోను.

సభను పెంచితే ఏమవుతుంది

2023 మే 28న ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ మందిరానికి 888 ఆసనాలు కట్టారు. 888 సీట్లను 2011 జనాభా ప్రకారం పంచితే ఉత్తరప్రదేశ్‌కు సుమారు 147, తమిళనాడుకు 53, రెండు తెలుగు రాష్ట్రాలకు 62 వస్తాయి. మన నాయకుడు ఊరికి వచ్చి "మీకు 42 ఉంటే 62 తెచ్చాను" అని చెప్పుకోవచ్చు. తమిళనాడు వాటా మాత్రం 7.2 శాతం నుంచి 6 శాతానికి దిగుతుంది. 543తో తిరగరాసినా అదే 6 శాతం. వాటాను నిర్ణయించేది జనాభా సంవత్సరం. సభ ఎంత పెద్దదైనా అది మారదు.

అలాగని సభను పెంచడం వృథా అనను. దానివల్ల ఉన్న సీటును ఎవరి దగ్గరా లాక్కోకుండా సర్దుబాటు చేయడం వీలవుతుంది. 2011 జనాభాతో ఏ పెద్ద రాష్ట్రానికీ ఒక్క సీటు కూడా తగ్గకూడదంటే సభ ఎంత ఉండాలో లెక్కవేశాను. అందరిలో ఎక్కువ నష్టపోయేది కేరళ కనుక, కేరళకు 20 నిలవాలంటే సుమారు 725 కావాలి. ఎంపీలు ఎక్కువైతే ప్రశ్నోత్తరాల సమయంలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే నిమిషాలు తగ్గుతాయన్నది నిజమైన అభ్యంతరమే. అయితే 7 కోట్ల లోపు జనం ఉన్న బ్రిటన్ దిగువసభలో 650 మంది ఉన్నారు. మన ఎంపీ ఒక్కరు 25 లక్షల మందికి ఎలా అందుబాటులో ఉంటారు?

ఇంకో రకం పెంపు కూడా చర్చలో ఉంది. ప్రతి రాష్ట్రానికీ ఒకే శాతం పెంచడం, ఉదాహరణకు అందరికీ ఒకటిన్నర రెట్లు. ఉత్తరప్రదేశ్‌కు 120, తమిళనాడుకు 58 లేదా 59. వినడానికి కొత్తగా ఉన్నా ఇది మొదటి దారే, సంఖ్యలు పెద్దవయ్యాయి అంతే. వాటాలు 1971 దగ్గరే ఆగిపోతాయి. షావుకారుపేట వ్యాపారి తమ్ముడికి దీనితో ఒరిగేదేమీ లేదు.

నేను మొగ్గే దారి: తగ్గే వేగాన్ని చట్టంలో రాసుకోవడం

పెద్ద రాష్ట్రాలకూ చిన్న రాష్ట్రాలకూ మధ్య ఇలాంటి పేచీ ఇతరచోట్ల ఎలా తీర్చుకున్నారో చూడటం మేలు. ఐరోపా పార్లమెంటులో మాల్టాకు 6 సీట్లు, జర్మనీకి 96. జనాభా పెరిగేకొద్దీ సీట్లు పెరుగుతాయి, కానీ అదే నిష్పత్తిలో పెరగవు. కెనడాలో 1985లో ఒక నియమం పెట్టారు, ఏ ప్రావిన్సు సీట్లూ అప్పటి సంఖ్యకు దిగువకు పోకూడదని. 2021 జనగణన తర్వాత క్యుబెక్‌కు ఒక సీటు తగ్గవలసి వస్తే, 2022లో చట్టం మార్చి దాని 78 సీట్లనూ నిలబెట్టారు. పెరిగిన ప్రావిన్సులకు అదనపు సీట్లు ఇచ్చి సభను 343కు పెంచారు.

మన దేశంలోనూ ఇది కొత్త కాదు. రాజ్యసభ సీట్లు పంచినప్పుడు మొదటి 50 లక్షల జనాభాకు ప్రతి 10 లక్షలకు ఒక సీటు, ఆ పైన ప్రతి 20 లక్షలకు ఒక సీటు అనే సూత్రం పాటించారు. పెద్దవాడికి ఎక్కువ, కానీ మరీ ఎక్కువ కాదు. రాజ్యాంగం రాసిన తరానికి ఈ తెలివి ఉంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాలు తేల్చే ఆర్థిక సంఘం విషయంలో కూడా ఇలాంటి సర్దుబాటే చేశారు. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాలకు 2011 జనాభాను తీసుకుంది, దానికి 15 శాతం బరువు ఇచ్చింది. జనాభా అదుపులో రాష్ట్రం చూపిన పనితీరుకు విడిగా 12.5 శాతం ఇచ్చింది. నాకు ఈ పద్ధతి నచ్చింది. తక్కువ సంతానం అనే మంచి పనికి ప్రతిఫలం డబ్బు రూపంలో ఇవ్వడం న్యాయం. ఓటు బరువు రూపంలో శాశ్వతంగా ఇస్తే అది ఇంకో పౌరుడి ఓటులోంచి కోసి ఇచ్చినట్టవుతుంది.

అయినా ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. అందుకని నా ప్రతిపాదన ఇది. ఈ జనగణన తర్వాత సగం వాటా 1971 లెక్కన, సగం వాటా కొత్త లెక్కన పంచాలి. మిగతా మార్పు తర్వాతి రెండు జనగణనల్లో పూర్తికావాలి. ఏ రాష్ట్రానికీ ఉన్న సీట్ల సంఖ్య తగ్గకూడదు. 2011 జనాభాతో దీన్ని వేసి చూశాను. సగం సగం పద్ధతిలో కేరళకు 20 నిలవడానికి 725 అక్కరలేదు, దాదాపు 621 చాలు. అప్పుడు తమిళనాడుకు 41, తెలుగు రాష్ట్రాలకు కలిపి 46, ఉత్తరప్రదేశ్‌కు 97, బీహార్‌కు 50, రాజస్థాన్‌కు 32 దరిదాపుల్లో వస్తాయి. తమిళనాడు వాటా 7.2 నుంచి 6.6 శాతానికి దిగుతుంది. రాజస్థాన్‌లో ఎంపీకి 21.5 లక్షల మంది అవుతారు, కేరళతో తేడా 1.6 రెట్ల నుంచి 1.3 రెట్లకు దగ్గరవుతుంది. ఎవరి ఇంట్లోంచీ ఉన్న సీటు పోదు, ఎవరి ఓటూ ఇప్పుడున్నంత తేలికగా మిగలదు. కొత్త జనగణనలో సంఖ్యలు మారతాయి, సభ ఇంకొంత పెరగవలసి రావచ్చు. సూత్రం ముందే రాసి ఉంటే ఆ మార్పు తగాదా లేకుండా జరిగిపోతుంది.

దీనికి తోడు రాజ్యసభను కూడా సరిచేయాలి. రాష్ట్రాల తరఫున మాట్లాడవలసిన సభలో ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌కు 31, తమిళనాడుకు 18, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 సీట్లు ఉన్నాయి. పోటీ చేసేవాళ్ళు ఆ రాష్ట్రంలో నివాసి కావాలన్న షరతును 2003లో తీసేశారు. దిగువసభలో జనాభా గెలిస్తే ఎగువసభలో రాష్ట్రాలు గెలవాలి, సమాఖ్య అంటే అదే కదా. దక్షిణాది నాయకులు లోక్‌సభ గురించి పెట్టే కేకల్లో నాలుగోవంతు రాజ్యసభ గురించి పెట్టినా మేలు జరుగుతుంది.

భిన్నాల సంగతి

మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాని చరిత్ర ఆసక్తికరంగా ఉంటుంది. తమిళనాడుకు 32.35 సీట్లు వచ్చాయనుకోండి. ఆ 0.35ను ఏం చేయాలి? రాజ్యాంగం "సాధ్యమైనంత వరకు" అని వదిలేసింది.

అమెరికాలో ఈ భిన్నం మీద 1792లోనే రచ్చ జరిగింది. పూర్ణాంకాలు ముందు ఇచ్చి, మిగిలిన సీట్లను పెద్ద భిన్నాలున్న రాష్ట్రాలకు ఇవ్వాలని అప్పటి ఆర్థిక మంత్రి హామిల్టన్ అన్నారు. ఆ బిల్లును జార్జి వాషింగ్టన్ తిప్పికొట్టారు. అమెరికా అధ్యక్షుడు వీటో వాడిన మొదటి సందర్భం అదే. భిన్నాలను కొట్టేసే జెఫర్సన్ పద్ధతి దాని స్థానంలో వచ్చింది. అది పెద్ద రాష్ట్రాలకు లాభం. 1832లో న్యూయార్క్‌కు లెక్క ప్రకారం 38.59 సీట్లు రావాలి, 40 ఇచ్చారు. ఆ తర్వాత శతాబ్దం రెండో సగంలో మళ్ళీ హామిల్టన్ పద్ధతికి మళ్ళారు. 1880 జనగణన తర్వాత ఒక గుమాస్తా పట్టికలు వేస్తుంటే వింత బయటపడింది. సభలో 299 సీట్లుంటే అలబామాకు 8, 300 ఉంటే 7! సభ పెరిగితే ఒక రాష్ట్రానికి సీటు తగ్గడం ఏమిటి? ఆ లోపానికి అలబామా పేరే స్థిరపడింది. మన సభను పెంచే వేళ ఈ పద్ధతి జోలికి పోకూడదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ప్రతి భిన్నాన్నీ పైకి లాగే ఆడమ్స్ పద్ధతి చిన్న రాష్ట్రాలకు లాభం. జపాన్ దాన్ని చట్టంగా చేసుకుని 2024 ఎన్నికల్లో మొదటిసారి వాడింది. అమెరికా 1941 నుంచి హంటింగ్టన్-హిల్ పద్ధతిలో ఉంది, అందులో పక్కపక్కనున్న రెండు పూర్ణాంకాల గుణమధ్యమం (వాటి లబ్ధానికి వర్గమూలం) దగ్గర భిన్నం పైకి పోతుంది. అంచున ఉన్న రాష్ట్రానికి అక్కడ ఎంత ఉత్కంఠ ఉంటుందో 2020లో తెలిసింది. ఇంకో 89 మంది ఉండి ఉంటే న్యూయార్క్ ఒక సీటు పోగొట్టుకునేది కాదు.

నేను చెప్పేది వెబ్‌స్టర్ పద్ధతి. భాజకాన్ని, అంటే సీటుకు ఇంతమంది అనే సంఖ్యను, సర్దుకుంటూ, సగం దాటితే పైకి, లోపు ఉంటే కిందికి. పెద్ద రాష్ట్రాలకూ చిన్న రాష్ట్రాలకూ మొగ్గు చూపని పద్ధతి ఇదేనని చాలామంది గణితవేత్తలు ఒప్పుకుంటారు. జర్మనీ వాడుతున్నది కూడా ఇదే, వేరే పేరుతో. ఇది కూడా పరిపూర్ణం కాదు. జనాభా మార్పుల వల్ల వచ్చే వైపరీత్యాలను పూర్తిగా తప్పించుకుంటూ, ఎప్పుడూ కోటాకు, అంటే లెక్క ప్రకారం రావలసిన సంఖ్యకు, పక్కనున్న పూర్ణాంకాల్లోనే నిలిచే పద్ధతి అసలు ఉండదని బాలిన్‌స్కీ, యంగ్ అనే గణితవేత్తలు రుజువు చేశారు. మన దేశంలో పద్ధతి మారితే తమిళనాడు లాంటి రాష్ట్రానికి ఒకటి రెండు సీట్ల తేడా వస్తుంది. జనాభా సంవత్సరం మారితే ఆరేడు. కొట్లాడేటప్పుడు ఎక్కడ బలం పెట్టాలో ఇందులో తెలుస్తోంది. కానీ పద్ధతి పేరు చట్టంలో ముందే రాసి ఉండాలి. లెక్కలు వచ్చాక పద్ధతి ఎంచుకుంటే ఎవరూ నమ్మరు.

మన నగరంలోనే ఉన్న అన్యాయం

ఉత్తరం, దక్షిణం అని కొట్టుకునే హడావిడిలో మరచిపోతున్నది ఒకటుంది. 2024 ఎన్నికల్లో చెన్నై సెంట్రల్‌లో సుమారు 13.5 లక్షల మంది ఓటర్లు. పక్కనే ఉన్న శ్రీపెరంబుదూరులో దాదాపు 24 లక్షలు. పోరూరు దాటి, తాంబరం వైపు ఇల్లు కొనుక్కున్న మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ రెండో లెక్కలో ఉన్నాయి. హైదరాబాదు అంచున ఉన్న మల్కాజిగిరిలో 37 లక్షలకు పైగా ఓటర్లు, దేశంలో అదే అతిపెద్ద నియోజకవర్గం. ఉత్తరప్రదేశ్‌కూ తమిళనాడుకూ మధ్య ఉన్న తేడా కంటే చెన్నై సెంట్రల్‌కూ శ్రీపెరంబుదూరుకూ మధ్య ఉన్న తేడాయే ఎక్కువ. 2001 జనాభాతో గీసిన సరిహద్దులు 2008 నుంచి అమల్లో ఉన్నాయి, ఈలోగా నగరాలు వాటిని దాటి పెరిగాయి. రాష్ట్రాల వాటాలను ముట్టుకోకుండానే సరిదిద్దగలిగింది ఇది. ఏ దారిని ఎంచుకున్నా ఈ పని ముందు జరగాలని అడగడానికి ఉత్తరాది, దక్షిణాది అన్న భేదం అక్కరలేదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఒక మనిషికి ఒకే బరువున్న ఓటు అన్నదే మీకు అన్నిటికంటే ముఖ్యమైతే, సభను పెంచి కొత్త జనాభాతో పూర్తిగా పంచే దారి మీది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వాటా తగ్గుతుందని తెలిసి ఒప్పుకోవాలి. ఇచ్చిన మాట, రాష్ట్రాల బలం ముఖ్యమైతే స్తంభన పొడిగింపును సమర్థించండి, కానీ గడువు ముగిశాక ఏం చేయాలో కూడా అదే తీర్మానంలో రాయమని పట్టుబట్టండి. రెండూ ముఖ్యమనుకునేవాళ్ళకు సగం సగం పద్ధతి సరిపోతుంది. 543ను అలాగే ఉంచి తిరగరాయడాన్ని మాత్రం ఏ కోణంలోనూ సమర్థించలేకపోతున్నాను. ఓటు సమానత కావాలంటే సభను పెంచి కూడా అది సాధించవచ్చు. అలాంటప్పుడు ఉన్న సీట్లు లాక్కుని కోపం కొనితెచ్చుకోవడం దేనికి?

తెలుగువాళ్ళం కనుక ఇంకో విషయం గమనించండి. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో స్థానిక ఎన్నికల చట్టాల నుంచి ఇద్దరు పిల్లల నిబంధనను తీసేసింది. ఒకప్పుడు తక్కువ కనమన్న ప్రభుత్వాలే ఇప్పుడు ఎక్కువ కనమని సూచిస్తున్నాయి. సీట్ల కోసం పిల్లల్ని కనమని ఏ ప్రభుత్వమూ ఆడవాళ్ళను అడగకూడదు. సూత్రం స్పష్టంగా ఉంటే అలా అడిగే అవసరమూ రాదు.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించిన జనగణనలో మనిషిని ఉంటున్న చోటే లెక్కిస్తారు. చెన్నైలో ఉంటున్న మనం తమిళనాడు సంఖ్యలోకే వెళ్తాం. ఓటు నెల్లూరులో ఉంచుకుంటే మన తలకాయ తమిళనాడుకు సీటు తెస్తుంది, మన ఓటు ఆ సీటు మీద పడదు. ప్రతి ఎన్నికకూ ఊరికి వెళ్ళి ఓటేసి వచ్చేవాళ్ళ అభిమానాన్ని నేను తక్కువ చేయను. కానీ ఎక్కువ కాలం ఉంటున్నది ఇక్కడైతే, పిల్లల బడి, నీళ్ళ లారీ, మెట్రో రైలు గురించి అడగవలసింది ఇక్కడి ఎంపీనే అయితే, ఓటు ఇక్కడికి మార్చుకోండి. ఎన్నికల సంఘం ఫారం 8 నింపితే చాలు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టవచ్చు. ఆ తర్వాత మీ నియోజకవర్గంలో పోటీ చేసే ప్రతి అభ్యర్థినీ రెండు ప్రశ్నలు అడగండి. ఏ జనాభా సంవత్సరం, ఏ వాటాకు మీరు ఓటేస్తారు? శ్రీపెరంబుదూరు సరిహద్దు ఎప్పుడు సరిచేయిస్తారు?